ఇరవై దాకా

నాందేడ్
జూలై

సాయలీ,

ఫోను చేస్తే ఎత్తవు. మెసేజి పెడితే చూసినట్టు గీతలు నీలంగా మారతాయి గాని జవాబు రాదు. నీ ఫోనును ముందు మీ ఆయన నిలేష్, తర్వాత మీ అత్త లీలాబాయి, తీరిక దొరికితే చివరికి నువ్వు చూస్తారని తెలిసి కూడా మెసేజి పెట్టడం నా బుద్ధితక్కువ. అందుకే మళ్ళీ కాగితం పట్టాను.

దెగ్లూర్‌లో మీ దుకాణం వెనక గదిలో మీ అమ్మ సుమిత్రాబాయి మనిద్దరికీ పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించేది, గుర్తుందా? మరాఠీ బడికి పోయే పిల్లలకు ఇవెందుకని మీ నాన్న విసుక్కునేవాడు. ఇప్పుడు చూడు ఎంత పనికొచ్చాయో. మీ అత్తారింట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు. ఈ ఉత్తరం మీ గల్లాపెట్టె మీద రోజంతా పడి ఉన్నా నీకు భయం లేదు.

నా సంగతి విను. ముప్పై ఆరేళ్ళకు పీహెచ్‌డీ ఏమిటని నువ్వు నవ్వుతావు, నవ్వుకో. మా నాన్న ఎంకన్న అయితే "డాక్టరైతే సూదులిస్తవానే?" అని అడిగాడు. ఇయ్యను నాయనా అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. బడి పిల్లలు ఒకరినొకరు సతాయించడం, దానివల్ల వాళ్ళ మనసుకు తగిలే దెబ్బ, ఇదీ నా విషయం. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రశ్నల కాగితం ఇస్తాను. నిన్ను ఎవరైనా మారుపేరుతో పిలుస్తున్నారా, ఆటలోంచి వెళ్ళగొడుతున్నారా, నిద్ర పడుతోందా, బడి అనగానే కడుపులో నొప్పి వస్తోందా, ఇట్లాంటివి. పేరు రాయొద్దంటాను. ఆ తర్వాత గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. కాగితం మీద దాచుకున్నది మాటల్లో బయటపడుతుంది. పిల్లల్ని మాట్లాడించడంలో నాకు మంచి నేర్పు ఉందని మా గైడు దయానంద్ సారు కూడా అన్నాడు. నేను పొంగిపోయాను, నీ దగ్గర దాపరికం ఎందుకు.

మూడు బడుల పని అయిపోయింది. నాలుగోది మీ మామగారి బడి కావాలి. నువ్వు పాఠం చెప్పే బడి, మీ ప్రణాలి చదివే బడి. విశ్వేశ్వర్ సేఠ్ ఒప్పుకుంటే చాలు. మంచిగా టీ ఇచ్చి, మంచి వేళ చూసి అడుగు.

నీ
పూనమ్


నాయ్‌గావ్
ఆగస్టు

డాక్టరమ్మా,

సూదులివ్వని డాక్టరు మాకెందుకని మామ కూడా అనేటట్టే ఉన్నాడు. టీ ఇచ్చాను. రెండో కప్పు కూడా ఇచ్చాను. పిల్లలు సతాయించుకోవడం మీద పరిశోధన అనేసరికి కప్పు కింద పెట్టి, "మన బడిల గసొంటివి లేవు. లేనిదాని మీద ఏం రాస్తది ఆమె?" అన్నాడు. లేవనే రాస్తుంది మామయ్యా అన్నాను. అప్పుడు కాస్త మెత్తబడ్డాడు. "అయితె సర్టిఫికెట్ ఇమ్మను. విద్యాపీఠం ముద్ర ఉండాలె. ఆఫీసుల ఫ్రేము కట్టిస్త" అన్నాడు. అదీ ఒప్పందం. నువ్వు పిల్లల మనసులు చూసుకో, ఆయన గోడకు మేకు కొట్టించుకుంటాడు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. బడిలో నన్ను చూసి "ఏమే సాయలీ" అని వసారా అంతా వినబడేటట్టు అరవకు. అక్కడ నేను మేడమ్‌ని. నమస్కార్ మేడమ్ అను, మరాఠీలోనే మాట్లాడు. మేము తెలుగువాళ్ళమని ఊరికి తెలియదని కాదు. తెలిసిందాన్ని రోజూ గుర్తుచెయ్యడం ఎందుకని. మా మామ దుకాణం తలుపు తెరిచాక ఒక్క తెలుగు ముక్క మాట్లాడడు. తలుపు వేశాక ఒక్క మరాఠీ ముక్క మాట్లాడడు. ఈ ఇంట్లో పధ్నాలుగేళ్ళుగా నేనూ అట్లనే తలుపు చూసుకుని నోరు తెరుస్తున్నాను.

మా ప్రణాలి ఎనిమిదిలోనే ఉంది. క్లాసుకు మానిటర్. నోరు పెద్దది. నీకు బాగా పనికొస్తుంది. వచ్చిన రోజు మా ఇంట్లోనే భోజనం. అత్త నీకోసం పచ్చిపులుసు చేస్తానంది, కానీ నీ గ్లాసు ఏది వాడాలో అని అప్పుడే ఆలోచిస్తోంది. ఆమె సంగతి నీకు తెలిసిందే, మనసులో పెట్టుకోకు.

సాయలి


నాందేడ్
సెప్టెంబరు

సాయలీ,

పచ్చిపులుసు బాగుంది. స్టీలు గ్లాసు కూడా బాగుంది. నాకోసం కొత్తది కొన్నట్టున్నారు, స్టిక్కరు కూడా తీయలేదు. సరే, మనసులో పెట్టుకోలేదు.

నువ్వు చెప్పినట్టే చేశానా లేదా? వసారాలో నిన్ను చూసి నమస్కార్ మేడమ్ అన్నప్పుడు నవ్వు ఆపుకోలేక చచ్చాను. నువ్వు కళ్ళెర్రజేశావు.

ముందు శుభవార్త. కాగితాలన్నీ లెక్కలు కట్టాను. నాలుగు బడుల్లో సతాయింపు అన్నింటికంటే తక్కువ ఉన్నది మీ దాంట్లోనే. మీ మామ అన్నదే నిజమైంది. మేకు కొట్టించుకోమను.

కానీ ఆ రోజు నా మనసులో మిగిలిపోయింది కాగితాలు కాదు. గుండ్రంగా కూర్చున్నాక పిల్లలు మొదట ఎవరూ నోరు విప్పలేదు. ప్రణాలి ఒక్కతే లేచి, ఎవరినీ బాధపెట్టకూడదు అని ఉపన్యాసమిచ్చింది. ఆటకు చీటీలు పంచమని ఒక పిల్లకు ఇచ్చాను. పేరు రూపాలి. పొడుగు జడలు, గవర్నమెంటు హాస్టలు పిల్ల. పంచుతూ పెదవుల్లో లెక్కపెట్టుకుంటోంది. దగ్గరికి వచ్చినప్పుడు విన్నాను. ఒకటి, రెండు, మూడు. తెలుగులో సాయలీ! మనిషి ఎన్ని భాషలు నేర్చినా లెక్క మాత్రం తల్లి నేర్పిన దాంట్లోనే పెడుతుంది. నాకు పాణం లేచొచ్చింది. "ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాను. ముందు అటూ ఇటూ చూసింది. తర్వాత "బాబ్లీ దిక్కు" అంది, నాకే సరిగా వినపడలేదు. మా దిక్కు పిల్ల!

అందరికీ చెప్పాను, ఈమె బాబ్లీ దిక్కు బిడ్డ, రెండు భాషలు వచ్చిన పిల్ల మీకంటే రెండింతలు గట్టిది అని. "అందరికి వినపడేటట్టు లెక్కపెట్టు బిడ్డా" అన్నాను. పదకొండు దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది. చెప్పు, చెప్పు అన్నాను. ఇరవై దాకా చెప్పింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ ఆగలేదు. మన చిన్నప్పుడు ఒక టీచరు ఇట్లా మన భాషను మెచ్చుకుని ఉంటే ఎట్లా ఉండేది, చెప్పు.

ఇంకెవరికి తెలుగు వచ్చు అని అడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు. మీ ప్రణాలి గోడ మీది పటం చూస్తూ కూర్చుంది. అచ్చం తల్లి పోలికే అని లోపల నవ్వుకున్నాను.

ఆ రూపాలిని కాస్త చూస్తూ ఉండు. చలాకీ పిల్ల. డిసెంబరులో మళ్ళీ వస్తాను.

పూనమ్


నాయ్‌గావ్
అక్టోబరు

పూనమ్,

దీపావళి గిరాకీతో తీరిక లేదు. బడి అయ్యాక నన్ను కూడా దుకాణంలో కూర్చోబెడుతున్నారు. వాన సోయాబీనును ముంచింది, రైతు దగ్గర లేకపోతే మా దగ్గర ఎక్కడిదని మామ కోపమంతా ఇంట్లో చూపిస్తున్నాడు.

రూపాలి బాగానే ఉంది. దసరాకు ఊరికి పోయింది, ఇంకా రాలేదు. జ్వరమట. హాస్టలు పిల్లలు పండక్కి పోతే రావడానికి ఎప్పుడూ ఆలస్యమే.

ప్రణాలి వక్తృత్వ పోటీలో తాలూకా స్థాయికి ఎంపికైంది. విషయం ఏమిటో చెప్తే నువ్వు సంతోషిస్తావు. స్నేహం.

డిసెంబరులో వార్షిక పరీక్షలకు తయారీ ఉంటుంది. నువ్వు రాకపోయినా పరవాలేదేమో చూసుకో. నీకు కావలసిన లెక్కలు వచ్చాయి గదా. సర్టిఫికెట్ తపాలాలో పంపినా సరిపోతుందని మామ అన్నాడు.

సాయలి


నాందేడ్
డిసెంబరు

సాయలీ,

రావొద్దన్నట్టే రాశావు. నేను వచ్చాను. నువ్వు సెలవు పెట్టావు.

రూపాలి రాలేదు. దసరా నుంచి రాలేదు. హాజరు పుస్తకం తెరవక్కరలేదు, ఆమె కూర్చునే చోట ఇప్పుడు పిల్లలు టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారు. హాస్టలుకు పోయి అడిగాను. వార్డెన్ చెప్పింది, తల్లిదండ్రులు చెరుకు కొట్టడానికి పోతుంటే వాళ్ళ వెంట ట్రాక్టరు ఎక్కి పోయిందట. ప్రతి ఏడూ వాళ్ళు పోతారు, పిల్ల హాస్టలులో ఉండి చదువుకుంటుంది. ఈ ఏడు ఉండనంది. జ్వరమని రాసింది నువ్వేనా?

బడి వదిలిపెట్టే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. ఒక కొత్త పిల్ల, వేరే సెక్షనుది, సంచి పట్టుకుని పోతోంది. వెనకనుంచి నలుగురైదుగురు ఆమె అడుగడుగుకూ చప్పట్లు కొడుతూ లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ పిల్ల ఆగితే లెక్క ఆగుతుంది. కదిలితే మళ్ళీ మొదలు. ఉరికితే ఉరుకులతో లెక్కపెట్టి ఇరవై అవగానే అందరూ విరగబడి నవ్వడం. ఒక పిల్లను ఆపి ఇదేమిటని అడిగాను. రూపాలి ఆట అంది. ఆటకు పేరు కూడా ఉంది సాయలీ. ఆడవలసిన పిల్ల పోయినా ఆట మిగిలింది, ఇప్పుడు వంతులవారీగా ఆడుతున్నారు.

నాకు ఒకటే తెలియాలి. ఆ మరాఠీ పిల్లలకు మన అంకెలు ఎవరు నేర్పారు? ఒక్కసారి విన్నదానికి అంత బాగా రాదు. పధ్నాలుగు, పదిహేను, పదహారు, నాలుక ఎక్కడా తడబడకుండా అంటున్నారు. తెలుగు ఇంటి పిల్ల ఎవరో కూర్చోబెట్టి నేర్పింది. ఆ క్లాసులో రూపాలి కాక తెలుగు ఇల్లు ఒకటే ఉంది. దాంట్లో నేను పచ్చిపులుసు తిన్నాను.

నీకు తెలుసు. తెలిసి నాకు స్నేహం మీద పోటీ గురించి రాశావు.

నువ్వు టీచరువి. నీ కళ్ళముందు ఒక కూలివాళ్ళ పిల్ల బడి నుంచి పోయింది. అదే మీ దుకాణం వాళ్ళ పిల్ల అయి ఉంటే ఇట్లాగే సెలవు పెట్టి ఇంట్లో కూర్చునేదానివా? ప్రణాలిని తీసుకుని ఆ పిల్ల ఇంటికి నాతో రా. తప్పు ఒప్పుకోనీ. లేకపోతే మీ మామకు నేనే రాస్తాను, మరాఠీలో.

పూనమ్


నాయ్‌గావ్
డిసెంబరు

పూనమ్,

నా బిడ్డను కనిపెట్టావు. సంతోషం. నీ పరిశోధన పూర్తయినట్టే.

అంకెలు ప్రణాలే నేర్పింది. నిజం. జ్వరమని నేను రాసింది అబద్ధం. అదీ నిజం. ఎందుకు రాశానో తెలుసా? అసలు సంగతి రాస్తే నువ్వు తట్టుకోలేవని. నీ ఉత్తరం మూడు పేజీల నిండా అంత మురిపెం ఉంటే దాన్ని చెడగొట్టడానికి నా చెయ్యి రాలేదు. ఇప్పుడు నీకు నామీద ఏ మొహమాటమూ లేదు కాబట్టి నాకూ లేదు. విను.

రూపాలి రెండేళ్ళుగా ఇక్కడ చదువుతోంది. తను నాయ్‌గావ్ పక్క ఊరి పిల్లనని చెప్పుకుంది. వాళ్ళ నాన్నకు పొలం ఉందని చెప్పుకుంది. మరాఠీ ఎంత శుద్ధంగా మాట్లాడేదంటే నేనే చాలా రోజులు కనిపెట్టలేదు. కనిపెట్టాక నోరు మూసుకున్నాను, ఎందుకంటే నేనూ ఆ పనే చేస్తున్నాను గనక. రెండేళ్ళు ఒక్క ముక్క జారకుండా కాపాడుకుంది. నువ్వు ఒక పూట వచ్చి, బిడ్డా అన్నావు.

అందరి ముందూ ఊరు బయటపెట్టావు. బాబ్లీ దిక్కు తెలుగు మాట్లాడేవాళ్ళంటే ఎవరో, ఏం పని చేస్తారో ఆ క్లాసులో ప్రతి పిల్లకూ తెలుసు. ఇంకా చాలదన్నట్టు నిలబెట్టి లెక్క చెప్పించావు. వాళ్ళు కొట్టింది మెచ్చుకున్న చప్పట్లు కాదు. ఆ ఆట ఆ నిమిషానే మొదలైంది, నువ్వు అక్కడే కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నావు.

నన్ను చూసి నమస్కార్ మేడమ్ అన్నావు. నా భాష దాచాలని నీకు గుర్తుంది, నేను నోరు తెరిచి అడిగాను గనక. ఆ పిల్లకు అడగడం చేతకాలేదు. పదకొండు దగ్గర ఆగి నీ మొహంలోకి చూసింది. నువ్వే రాశావు. చెప్పు, చెప్పు అన్నావు.

తర్వాత ఇంకెవరికి వచ్చు అని అడిగావు. మా ప్రణాలి పటం చూస్తూ కూర్చుందని నవ్వుకున్నావు. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచి "నీకు రాదా?" అందట. ఆ సాయంత్రం అది అన్నం తినలేదు. మర్నాడు అంకెలు నేర్పడం మొదలుపెట్టింది. తను లెక్కపెట్టేవాళ్ళలో ఉంటే తన అడుగులు ఎవరూ లెక్కపెట్టరని దానికి అర్థమైంది. పదమూడేళ్ళ పిల్లకు అర్థమైంది నీ పుస్తకాల్లో ఉందా, చూడు.

నేను కొట్టాను దాన్ని. జీవితంలో మొదటిసారి. "మరి నువ్వెందుకు బడిల తెలుగు మాట్లాడవు?" అంది.

మా మామకు రాయి. మరాఠీలోనే రాయి. మొదటి వాక్యం దేనితో మొదలుపెడతావో నాకు చూడాలని ఉంది.

సాయలి


నాందేడ్
జనవరి

సాయలీ,

మీ మామకు రాయలేదు. మొదటి వాక్యం రాలేదు.

చాలా రోజులు నీ ఉత్తరం తెరిచి మూస్తూ ఉన్నాను. నీ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. గ్లాసు గుర్తు తెచ్చుకున్నాను, మీ ఇంటి మేడ గుర్తు తెచ్చుకున్నాను. కోపం వస్తుంది గాని నిలబడదు.

దయానంద్ సారుకు అంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. తర్వాత అన్నాడు, "ప్రశ్నల కాగితం ముందిచ్చినవ్ గదా? మాటలు తర్వాత గదా? మరి లెక్కల తప్పేముంది? ఆ ముచ్చట తీసెయ్. లేకుంటె నీ చేతితోని నువ్వే పాడుచేసుకున్నట్టయితది." తప్పు లేదు సాయలీ. నేను వచ్చేదాకా ఆ బడిలో సతాయింపు తక్కువే. నా లెక్క నిజంగా కరెక్టు.

బాబ్లీ దిక్కు పోయాను. వాళ్ళ నాయనమ్మ మైసవ్వ ఒక్కతే ఉంది. కొడుకు విలాస్, కోడలు, పిల్లలు అందరూ చెరుకు తోటల్లోనే ఉన్నారు, హోళీ దాటాక గాని రారు. మైసవ్వది అసలు నిజామాబాద్ దిక్కు, పెళ్ళయి ఇటు వచ్చింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చుంటానంది. నేనూ కిందనే కూర్చున్నాను. ఎవరివని అడిగితే ఎంకన్న బిడ్డనన్నాను, ఆ పేరు విని మనోళ్ళే అని నవ్వింది.

"దసరకు ఇంటికచ్చింది పిల్ల" అని చెప్పింది. "అచ్చినకాంచి మరాఠీలనే మాట్లాడుతుంది. నేను తినే అంటె అది ఏందో అంటది. నాకు బజార్ల ఉల్లిగడ్డ కొనేటంత అస్తది మరాఠీ, గంతే. అవ్వా అనుడు బంద్ చేసింది, ఆజీ అంటది. చెరుకు కొట్ట పోత అంటె వాళ్ళ నాయిన రెండు దెబ్బలు గూడ ఏసిండు. అయినా ట్రాక్టర్ దిగలే. ఏమైందో నాకెర్కలేదు బిడ్డా. హాస్టల్ల చెప్పిండ్రట, ఎవరో మేడమచ్చి దీంతోని లెక్క చెప్పిచ్చి అందరి ముంగట మస్తు మెచ్చుకున్నదట. గంత మంచిగ సదివే పిల్ల."

ఆ మేడమ్ నేనేనని చెప్పలేదు. టీ తాగి వచ్చేశాను.

ఇది నిన్ను తిట్టడానికి రాసింది కాదు. బతిమాలుతున్నాను. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆ బడిలో ఆ ఆట ఉండకూడదు. నా మాట అక్కడ చెల్లదు, నీది చెల్లుతుంది. పిల్ల పేరు హాజరు పుస్తకంలోంచి కొట్టెయ్యకుండా చూడు. ఇంకో ఏడు దాటితే పెళ్ళి చేసేస్తారు.

పూనమ్


నాయ్‌గావ్
మార్చి

పూనమ్,

నువ్వు బతిమాలితే కాదనడం నాకు చేతకాదని నీకు తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే ఒక పని చేశాను. ఎట్లా జరిగిందో చెప్తాను, కూర్చుని చదువు.

ఫిబ్రవరి ఇరవై ఏడున మరాఠీ భాషా దినం. ప్రతి ఏడూ మంటపం వేస్తారు. తల్లిదండ్రులు, పంచాయతీ సమితి మనుషులు, ముందు వరసలో మా మామ జరీ తలపాగాతో. మైకు నా చేతిలో ఉంది. ప్రణాలి ఉపన్యాసం వంతు వచ్చింది. పిలవాలి. రాత్రంతా అనుకున్న మాటే, నోట్లోంచి తెలుగులో వచ్చింది. "రా బిడ్డా ప్రణాలీ, భయపడకు, అందరు మనోళ్ళే."

మంటపంలో అందరూ నావైపు తిరిగారు. నేను ఆగలేదు. మరాఠీలో చెప్పాను, మా ఇంట్లో మేము తెలుగే మాట్లాడతాం, మా అమ్మ నాకు పలక మీద నేర్పింది, ఈ బడి కట్టించిన సేఠ్ కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, లెక్క కూడా తెలుగులోనే పెడతాడు అని. ఈ బడిలో ఒక పిల్ల అడుగులు లెక్కపెట్టి నవ్వారు, ఆ లెక్క మా ఇంటిది కూడా అని. అంతా చెప్పాను. మనసు ఎంత తేలికైందో. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. చప్పట్లంటే నాకు అప్పుడే అనుమానం రావాలి.

మా మామ లేచి వెళ్ళిపోయాడు. ప్రణాలి స్టేజీ ఎక్కింది, ఒక్క ముక్క మాట్లాడకుండా దిగిపోయింది. నన్ను చూడలేదు. మర్నాడు బడి వసారాలో అది నడుస్తుంటే వెనక నుంచి మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. తను నేర్పినవాళ్ళే.

నీ తప్పేమిటో నీకు అంత వివరంగా రాసిన మనిషిని. అదే తప్పు మైకు పెట్టుకుని చేశాను. ఆ పిల్లకైనా నువ్వు తెలియక చేశావు. నేను నా బిడ్డకే తెలిసి తెలిసి చేశాను, ఎదుటి పిల్లకు న్యాయం చేస్తున్నానని మురుసుకుంటూ.

ప్రణాలిని లాతూర్ హాస్టలుకు పంపేశారు. నన్ను అడగలేదు. మొన్న ఫోనులో నిలేష్‌తో మాట్లాడింది, నాతో మాట్లాడలేదు. అక్కడ తన ఇంట్లో మరాఠీ మాట్లాడతారని చెప్పుకుందట. బాగా మాట్లాడుతుంది కూడా, ఎవరూ కనిపెట్టలేరు. నేను బడి మానేశాను, అంటే మాన్పించారు. దుకాణంలో కూర్చుంటున్నాను, తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి రోజంతా మరాఠీనే.

రూపాలి పేరు ఇంకా కొట్టెయ్యలేదు. క్లర్కు సంగన్నను బతిమాలి ఉంచాను. అది ఒక్కటి నా చేతనైంది. పోయి పిల్లను తీసుకురా.

సర్టిఫికెట్ ఏమైందని మామ ఇప్పటికీ అడుగుతున్నాడు. ఇంత జరిగినా గోడ మీది మేకు అట్లాగే ఉంది.

సాయలి


నాందేడ్
ఏప్రిల్

సాయలీ,

సర్టిఫికెట్ ఇందులోనే పెట్టాను. విద్యాపీఠం ముద్ర ఉంది. మీ మామకు ఇవ్వు. సతాయింపు అతి తక్కువగా ఉన్న బడి అని రాసి ఉంది, కింద నా సంతకం.

నా పరిశోధన పుస్తకంలో రూపాలి గురించి పది పేజీలు రాశాను. దయానంద్ సారు ఎర్ర గీతలు కొట్టి ఇచ్చాడు. మళ్ళీ రాసి పట్టుకుపోతే, "నీ ఇష్టం, నీ పట్టా" అన్నాడు. నేనే తీసేశాను. ఎవరి మీదా నెట్టను. ఇంతదాకా వచ్చి, మా నాన్న ఊరంతా చెప్పుకున్నాక, నా చేత్తో పాడుచేసుకోవడానికి ధైర్యం చాలలేదు. పుస్తకంలో ఇప్పుడు ఆ పిల్ల లేదు. నువ్వు నన్ను తిట్టినా ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

వాళ్ళు వచ్చారని తెలిసి మొన్న పోయాను. నేను పోయేసరికి పిల్ల అప్పుడే చేను పని నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. జడలు కత్తిరించేసుకుంది. చేతుల నిండా చెరుకాకు గీరిన చారలు. నన్ను చూసి గుర్తుపట్టి లేచి నిలబడింది, టీచరు వస్తే నిలబడినట్టు.

ఈసారి మరాఠీలోనే పలకరించాను. ఆపాటి నేర్చుకున్నాను. బడిలో నీ పేరు ఇంకా ఉంది, పరీక్ష మళ్ళీ రాయొచ్చు, నాయ్‌గావ్ వద్దంటే నాందేడ్‌లో నా దగ్గర ఉండి చదువుకో అన్నాను. నిజంగానే అన్నాను సాయలీ, ఇప్పటికీ అంటాను. అన్నింటికీ తల అడ్డంగా ఊపింది. మర్యాదగానే ఊపింది, మొహంలో కోపం కూడా లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది.

మైసవ్వకు మా మాటలు అర్థం కాక ఇటూ అటూ చూస్తోంది. పిల్లకు కంచంలో జొన్నరొట్టె, పప్పు పెట్టి తెచ్చింది. "గా మరాఠీ ఎందుకే, ఈమె మన ఎంకన్న బిడ్డనే, మనోళ్ళే, మంచిగ మన మాట మాట్లాడు" అని పిల్ల వీపు నిమిరింది.

రూపాలి ఆమె వైపు చూడలేదు. నావైపే చూసి, అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. "మలా తీ భాషా యేత్ నాహీ." నాకు ఆ భాష రాదు.

మైసవ్వకు చివరి నాహీ, లేదన్న ముక్క ఒక్కటే అర్థమైంది. కంచం పట్టుకుని నన్ను అడిగింది, "ఏంది లేదంటుంది బిడ్డా?"

నేనేం చెప్పాలి? తన మనవరాలు తనతో అన్న మాటను ఆ ముసలామె నన్ను అడిగి తెలుసుకుంటోంది. పిల్ల నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆ రోజు పదకొండు దగ్గర చూసినట్టే చూసింది. ఈసారి నాకు అర్థమైంది.

"ఆకలి లేదంటుంది అవ్వా" అన్నాను.

"ఎండల పనిజేసి అచ్చింది గద, జరసేపు ఆగి తింటది" అంటూ మైసవ్వ ఆ కంచం మీద ఇంకో కంచం బోర్లించి పొయ్యి పక్కన పెట్టింది.

పూనమ్